గూగుల్ స్టోరేజ్ నిండిపోతే: ఫొటోలు, కాగితాలు పోకుండా ఖాళీ చేసుకోవడం ఎలా?

జీమెయిల్ తెరవగానే పైన "స్టోరేజ్ నిండిపోయింది, ఇక మెయిల్స్ రావు" అనే హెచ్చరిక కనిపిస్తే ఎవరికైనా టెన్షన్ వస్తుంది. ఆ కంగారులో చాలామంది చేసే పని ఒకటే. గ్యాలరీ తెరిచి, చేతికందిన ఫొటోలన్నీ సెలెక్ట్ చేసి డిలీట్ చేసేస్తారు. "ఫోన్‌లో పోయినా క్లౌడ్‌లో ఉంటాయిలే" అనుకునేవారు కొందరు, "క్లౌడ్‌లో తీసేసినా ఫోన్‌లో ఉంటాయిలే" అనుకునేవారు కొందరు. క్లౌడ్ అంటే నెట్ ద్వారా గూగుల్ దగ్గర దాచుకునే చోటు. పిల్లల చిన్ననాటి ఫొటోలు, పెద్దవాళ్ల గొంతు ఉన్న వీడియోలు పోయేది ఈ అంచనాల దగ్గరే.

నిజానికి అంత తొందర అవసరం లేదు. స్టోరేజ్ నిండినంత మాత్రాన గూగుల్ ఉన్నవాటిని వెంటనే తీసేయదు. పరిమితి దాటి రెండేళ్ల పాటు అలాగే ఉంటేనే డేటా తొలగించే అవకాశం ఉందని వాళ్ల నిబంధన. కాబట్టి పాత ఫొటోలకు ఈ రాత్రికి రాత్రి ముప్పేమీ లేదు. ఈలోగా ఆగిపోయేవి మాత్రం ముఖ్యమైనవే. కొత్త ఫొటోలు బ్యాకప్ కావు, గూగుల్ డ్రైవ్‌లోకి ఫైళ్లు ఎక్కవు, మీకు వచ్చే మెయిల్స్ పంపినవాళ్లకే తిరిగి వెళ్లిపోతాయి. ఉద్యోగం కోసం ఎదురుచూస్తున్నవాళ్లకు, వీసా పనుల్లో ఉన్నవాళ్లకు ఈ చివరిది పెద్ద నష్టం. అందుకే ముందు మెయిల్ ఆగకుండా కొంచెం చోటు చేసుకుందాం. ఆ తర్వాత ముఖ్యమైనవాటికి బయట కాపీ తీసి, సరిచూసుకుని, అప్పుడు పెద్ద ఎత్తున డిలీట్ చేద్దాం. ఈ వరుస మార్చకండి.

ఇంకో జాగ్రత్త. "మీ స్టోరేజ్ నిండింది, ఫొటోలన్నీ రేపు పోతాయి, ఇక్కడ నొక్కి డబ్బు కట్టండి" అని దొంగ మెయిల్స్, ఎస్ఎంఎస్‌లు చాలా తిరుగుతున్నాయి. వాటిలోని లింకు నొక్కకండి. నిజంగా నిండిందో లేదో మీరే అకౌంట్ తెరిచి చూసుకోండి. ఇప్పటికే నొక్కి డబ్బు పోగొట్టుకుంటే ఆలస్యం చేయకుండా సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఎక్కడ నిండిందో ముందు చూడండి

గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ ఒక్క ఫొటోలకే కాదు. జీమెయిల్, డ్రైవ్, ఫొటోస్ మూడింటికీ కలిపి అంతే. 2021 జూన్ 1 కంటే ముందు "హై క్వాలిటీ"లో ఎక్కించిన ఫొటోలు ఈ లెక్కలోకి రావు. ఆ తేదీ తర్వాత ఎక్కించినవి దాదాపు అన్నీ వస్తాయి. అందువల్ల 2018 నాటి ఫొటోలు కష్టపడి ఏరి డిలీట్ చేసినా స్టోరేజ్ అంగుళం కూడా కదలకపోవచ్చు. ఇంతకు ముందు లెక్కలోకి రాని ఆండ్రాయిడ్ వాట్సాప్ బ్యాకప్ కూడా 2024 నుంచి ఇందులోనే కలిసింది. ఏమీ చేయకుండానే స్టోరేజ్ ఒక్కసారిగా నిండిందని చాలామంది అనుకోవడానికి ఇదో కారణం.

బ్రౌజర్‌లో వన్ డాట్ గూగుల్ డాట్ కామ్ తెరిచి, స్టోరేజ్ అనే చోటికి వెళ్లండి. ఫోన్‌లో అయితే గూగుల్ ఫొటోస్ యాప్‌లో మీ ప్రొఫైల్ బొమ్మ నొక్కితే స్టోరేజ్ వివరం కనిపిస్తుంది. ఏది ఎంత తింటోందో రంగుల గీతల్లో విడివిడిగా ఉంటుంది. ఆ అంకెలు ఒక కాగితం మీద రాసుకోండి. పని అయ్యాక ఏది ఎంత తగ్గిందో పోల్చుకోవడానికి పనికొస్తాయి. ఫొటోస్ 11 జీబీ, జీమెయిల్ 1 జీబీ ఉంటే, మెయిల్స్ డిలీట్ చేస్తూ సాయంత్రమంతా కూర్చోవడం వృథా.

మెయిల్ ఆగకుండా కొంచెం చోటు

ట్రాష్‌లో, స్పామ్‌లో ఉన్నవి కూడా స్టోరేజ్ లెక్కలోకి వస్తాయి. జీమెయిల్‌లో ఆ రెండూ 30 రోజులకు వాటంతటవే పోతాయి, డ్రైవ్ ట్రాష్ కూడా అంతే. ఆగలేకపోతే ఇప్పుడే ఖాళీ చేయండి. అయితే ఖాళీ చేసే ముందు ఒకసారి పైనుంచి కిందికి చూడండి. పొరపాటున డిలీట్ అయిన రసీదు, స్పామ్‌లో పడ్డ ఇంటర్వ్యూ మెయిల్ తరచూ అక్కడే దొరుకుతాయి. ఫొటోస్ ట్రాష్ జోలికి మాత్రం ఇప్పుడు వెళ్లకండి. దాని పని చివర్లో.

ఇంతటితో కొన్ని వందల ఎంబీలు ఖాళీ అయితే మెయిల్ నడుస్తుంది. అది చాలు.

ఏ బటన్ ఎక్కడిది తీసేస్తుంది?

ఇక్కడ నిదానంగా చదవండి. గూగుల్ ఫొటోస్‌లో "ఫ్రీ అప్ స్పేస్" అనే బటన్ ఉంటుంది. స్టోరేజ్ నిండిందనగానే అందరూ దాన్నే నొక్కుతారు. అది ఖాళీ చేసేది ఫోన్‌ని. బ్యాకప్ అయిపోయిన ఫొటోలను ఫోన్‌లోంచి తీసేసి, క్లౌడ్‌లో మాత్రం ఉంచుతుంది. నిండింది క్లౌడ్ అయితే దీనివల్ల ఒక్క ఎంబీ కూడా తగ్గదు. పైగా ఆ ఫొటోలకు ఫోన్‌లో ఉన్న కాపీ పోయి, క్లౌడ్ కాపీ ఒక్కటే మిగులుతుంది. ఆ తర్వాత "ఎలాగూ ఫోన్‌లో ఉన్నాయి కదా" అని క్లౌడ్‌లోవి తీసేస్తే ఇక రెండు చోట్లా లేనట్టే.

అదే యాప్‌లో మామూలు "డిలీట్" నొక్కితే ఆ ఫొటో క్లౌడ్‌లోనూ పోతుంది, ఫోన్‌లోనూ పోతుంది. ఆ అకౌంట్‌తో బ్యాకప్ పెట్టుకున్న మిగతా ఫోన్లలోనూ పోవచ్చు. "ఆర్కైవ్" చేస్తే ఫొటో కంటికి కనపడదు కానీ స్టోరేజ్ తగ్గదు. జీమెయిల్‌లో ఆర్కైవ్ కూడా అంతే.

మిగతా ఫోన్లు అన్న మాట మన ఇళ్లలో చాలా ముఖ్యం. అమ్మకు కొత్త ఫోన్ కొన్నప్పుడు "నా ఐడీ పెట్టేస్తాలే" అని కొడుకో కూతురో తన జీమెయిల్‌తోనే లాగిన్ చేసి ఇస్తారు. తర్వాత ఆ సంగతి ఇద్దరూ మర్చిపోతారు. అమెరికాలో ఉన్న అబ్బాయి అకౌంట్‌లోకి గుంటూరులో అమ్మ తీసే తులసికోట ఫొటోలు, వాట్సాప్‌లో వచ్చే శుభోదయం బొమ్మలు అన్నీ ఎక్కుతుంటాయి. అబ్బాయి ఒకరోజు "ఇవన్నీ ఎక్కడివి" అని చెత్త ఏరేస్తే, అమ్మ ఫోన్‌లోనూ మాయం కావొచ్చు. అందుకే డిలీట్ మొదలుపెట్టే ముందు గూగుల్ అకౌంట్ సెట్టింగ్స్‌లో "సెక్యూరిటీ"కి వెళ్లి, "యువర్ డివైసెస్" చూడండి. మీ ఐడీ ఏయే ఫోన్లలో ఉందో అక్కడ తెలుస్తుంది. ఇంట్లో వేరేవాళ్ల ఫోన్ కనిపిస్తే ముందు వాళ్లకు ఫోన్ చేసి, ఆ ఫోన్‌లోని ఫొటోస్ యాప్‌లో బ్యాకప్ ఆఫ్ చేయించండి. తర్వాత వాళ్లకు సొంత జీమెయిల్ ఐడీ తెరిచి, బ్యాకప్ ఆ అకౌంట్‌కి మార్చండి. వాళ్లకూ 15 జీబీ ఉచితంగా వస్తుంది, మీ భారం తగ్గుతుంది. ఇప్పటిదాకా మీ అకౌంట్‌లోకి వచ్చిన ఫొటోలు మాత్రం మీ దగ్గరే ఉంటాయి. అవి కూడా కాపీ తీయాల్సినవే. అమ్మకు అవి చెత్త కాకపోవచ్చు కదా.

బయట కాపీ తీయడం

మొదట కాగితాలు. ఆధార్, పాన్, డ్రైవింగ్ లైసెన్స్, టెన్త్ మెమో, డిగ్రీ సర్టిఫికెట్ లాంటివి ఫొటోలు తీసి గ్యాలరీలోనే వదిలేస్తాం. వేల ఫొటోల మధ్య అవి ఎక్కడుంటాయో మనకే తెలియదు. కేంద్ర ప్రభుత్వం 2015లో తెచ్చిన డిజిలాకర్‌లో ఇలాంటివి చాలా దొరుకుతాయి. అందులో "ఇష్యూడ్ డాక్యుమెంట్స్"గా వచ్చేవి జారీచేసిన సంస్థ నుంచే వస్తాయి కాబట్టి చట్టరీత్యా ఒరిజినల్‌తో సమానం. మీరే స్కాన్ చేసి అప్‌లోడ్ చేసినవాటికి ఆ విలువ ఉండదు, కాపీ భద్రంగా ఉంటుందంతే. మీ బోర్డు, మీ యూనివర్సిటీ అందులో ఉన్నాయేమో వెతికి తెచ్చిపెట్టుకోండి. అక్కడ దొరకని కాగితాలే మరింత జాగ్రత్తగా చూడాల్సినవి: పొలం దస్తావేజుల స్కాన్లు, పాత ఈసీలు, ఆసుపత్రి రిపోర్టులు, ఫారం 16లు, విదేశాల్లో ఉన్నవాళ్లకైతే వీసా కాగితాలు. వీటన్నింటికీ ఒక ఫోల్డర్ చేసి, ఫైల్ పేరులో మనిషి పేరు, కాగితం పేరు, సంవత్సరం రాయండి.

తర్వాత ఫొటోలు, వీడియోలు. కాపాడాల్సినవి వంద, రెండొందలు అయితే కంప్యూటర్‌లో గూగుల్ ఫొటోస్ వెబ్‌సైట్ తెరిచి, సెలెక్ట్ చేసి, మూడు చుక్కల మెనూలో డౌన్‌లోడ్ నొక్కితే చాలు. అన్నీ ఒకే మూటలా, జిప్ ఫైల్‌గా వచ్చేస్తాయి. ఏళ్ల తరబడి ఉన్నవైతే గూగుల్ టేకౌట్ వాడండి. మీ డేటా మొత్తాన్ని మీకు ఇచ్చేయడానికి గూగులే పెట్టిన సదుపాయం ఇది. చేసే పద్ధతి:

1. టేకౌట్ డాట్ గూగుల్ డాట్ కామ్ తెరవండి. అన్నీ టిక్ అయి ఉంటాయి. "డీసెలెక్ట్ ఆల్" నొక్కి, కిందికి వెళ్లి గూగుల్ ఫొటోస్ ఒక్కదానికి టిక్ పెట్టండి.

2. దాని కిందే ఆల్బమ్‌ల బటన్ ఉంటుంది. నొక్కితే "ఫొటోస్ ఫ్రమ్ 2022", "ఫొటోస్ ఫ్రమ్ 2023" అని సంవత్సరాల వారీగా కనిపిస్తాయి. నెట్ స్పీడ్ అంతంత మాత్రమైతే ఒక్కో విడతకు ఒకట్రెండు సంవత్సరాలే తీసుకోండి.

3. ఎక్కడికి పంపాలని అడిగినప్పుడు డౌన్‌లోడ్ లింకు మెయిల్‌కి పంపమనండి. "యాడ్ టు డ్రైవ్" ఎంచుకోకండి. అలా చేస్తే నిండిపోయిన అకౌంట్‌లోకే మళ్లీ అన్ని జీబీలు చేరతాయి.

4. ఫైల్ సైజ్ 2 జీబీ ఉంచండి. మన దగ్గరుండే పెన్‌డ్రైవ్‌లు చాలావరకు ఫ్యాట్32 ఫార్మాట్‌లో ఉంటాయి. 4 జీబీ దాటిన ఒక్క ఫైల్‌ని అవి తీసుకోవు. చిన్న ముక్కలైతే మధ్యలో నెట్ ఆగినా ఆ ఒక్క ముక్క మళ్లీ దించుకుంటే సరిపోతుంది.

5. ఫైళ్లు సిద్ధం కావడానికి కొన్ని గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. వచ్చిన లింకులు వారం రోజులే పనిచేస్తాయి. మెయిల్ రాకపోతే టేకౌట్ పేజీలోనే చూడొచ్చు.

టేకౌట్ తీసినంత మాత్రాన అకౌంట్‌లోంచి ఏదీ పోదు. అది కాపీ మాత్రమే ఇస్తుంది.

కంప్యూటర్ లేదని ఆగకండి. 2 జీబీ ముక్కలు ఒక్కొక్కటి ఫోన్‌లోకి దించి, ఫోన్‌కే నేరుగా తగిలించే ఓటీజీ పెన్‌డ్రైవ్‌లోకి ఫైల్స్ యాప్‌తో మార్చుకోవచ్చు. నెమ్మదైన పని, కానీ అవుతుంది. నెట్ సెంటర్‌లో మాత్రం మీ అకౌంట్‌తో లాగిన్ కాకండి. బంధువుల ల్యాప్‌టాప్ అయితే బ్రౌజర్‌లో గెస్ట్ విండో తెరిచి పని చేసుకుని, డౌన్‌లోడ్ అయిన ఫైళ్లు హార్డ్‌డిస్క్‌లోకి మార్చాక అక్కడివి తీసేసి రండి.

కాపీ సరిగా వచ్చిందా?

ఈ పనిని దాటవేయకండి. మొత్తం వ్యవహారంలో మీ డేటాని కాపాడేది ఇదే.

ముందు అన్ని జిప్ ఫైళ్లు వచ్చాయో లేదో లెక్కపెట్టండి. టేకౌట్ పేజీలో ఆరు ముక్కలు చూపిస్తే మీ ఫోల్డర్‌లో ఆరూ ఉండాలి. తర్వాత అన్నింటినీ అన్‌జిప్ చేయండి. జిప్‌గానే వదిలేస్తే లోపల ఫైల్ పాడైందో లేదో తెలియదు. మొదటి ముక్కలో నాలుగు, మధ్యలో నాలుగు, చివర్లో నాలుగు ఫొటోలు తెరిచి చూడండి. వీడియో అయితే తెరుచుకుంటే సరిపోదు, చివరి దాకా జరిపి చూడండి. సగంలో తెగిన వీడియో కూడా మొదట్లో బాగానే ఆడుతుంది. పెళ్లి, అన్నప్రాసన, చనిపోయిన పెద్దవాళ్లవి అన్న వీడియోలను శాంపిల్‌గా కాకుండా ఒక్కొక్కటిగా చూడండి.

అన్‌జిప్ చేశాక రెండు విషయాలు కంగారు పెడతాయి. ఒకటి, ఫైళ్లన్నింటికీ ఇవాళ్టి తేదీ కనపడటం. అది డౌన్‌లోడ్ అయిన తేదీ. కెమెరాతో తీసిన ఫొటో లోపల అసలు తేదీ అలాగే ఉంటుంది, ప్రాపర్టీస్‌లో చూడొచ్చు. రెండోది, ప్రతి ఫొటో పక్కన జేసన్ అనే చిన్న ఫైల్ ఉండటం. పనికిరాని చెత్త అనుకుని తీసేస్తారు. మీరు గూగుల్ ఫొటోస్‌లో సరిచేసిన తేదీలు, రాసుకున్న వివరాలు, తీసిన చోటు గుర్తులు అందులో ఉంటాయి. ఫొటోల పక్కనే ఉంచండి. వాట్సాప్‌లో వచ్చిన ఫొటోలకైతే లోపల తీసిన తేదీ ఉండదు. ఫైల్ పేరే ఆధారం. ఐఎంజీ-20230115-డబ్ల్యూఏ0007 అని ఉంటే 2023 జనవరి 15న వచ్చిందని అర్థం. అందుకే వాటి పేర్లు మార్చకండి.

ఒక్క కాపీతో ఆగొద్దు. హార్డ్‌డిస్క్ కింద పడినా పోతుంది, పెన్‌డ్రైవ్ ఊరికే ఉన్నా ఒకరోజు తెరుచుకోకపోవచ్చు. అన్నింటికీ కుదరకపోయినా కాగితాల ఫోల్డర్‌కి, ప్రాణంగా చూసుకునే వీడియోలకి రెండో కాపీ తీసి వేరే ఇంట్లో పెట్టండి. అక్కాచెల్లెళ్లో అన్నదమ్ములో ఉంటే ఒకరి కాపీ ఒకరి దగ్గర ఉంచుకోవచ్చు.

ఇప్పుడు డిలీట్, పెద్దవాటి నుంచి

ఐఫోన్‌లో 4కే క్వాలిటీలో, సెకనుకు 30 ఫ్రేములతో తీసిన నిమిషం వీడియో 170 ఎంబీ దాకా ఉంటుంది, పాత ఫార్మాట్ ఎంచుకుని ఉంటే 350 ఎంబీ. ఆండ్రాయిడ్ ఫోన్లలోనూ దగ్గర దగ్గర ఇంతే. మామూలు ఫొటో 3, 4 ఎంబీ. అంటే సంగీత్‌లో తీసిన పది నిమిషాల డ్యాన్స్ వీడియో ఒక్కటి తీసేస్తే నాలుగైదు వందల ఫొటోలంత చోటు వస్తుంది. ఫొటోలు ఒక్కొక్కటి చూసుకుంటూ కూర్చోవడం నా దృష్టిలో చివరి పని. ముందు వీడియోలే చూడండి.

గూగుల్ ఫొటోస్‌లో "మేనేజ్ స్టోరేజ్" తెరిస్తే పెద్ద ఫైళ్లు, మసకగా వచ్చినవి, స్క్రీన్‌షాట్లు విడివిడిగా చూపిస్తుంది. పెద్ద ఫైళ్లలో పైనుంచి రండి. జేబులో ఉన్నప్పుడు తనంతట తానే రికార్డయిన వీడియోలు, ఎవరో పంపిన సీరియల్ ముక్కలు, ఒకే డ్యాన్స్‌కి తీసిన మూడు వీడియోలు అక్కడే కనపడతాయి. స్క్రీన్‌షాట్లు మాత్రం గుడ్డిగా అన్నీ తీసేయొద్దు. యూపీఐ పేమెంట్ల రుజువులు, రైలు టికెట్లు, ఎవరో పంపిన అకౌంట్ నంబర్లు అందులోనే ఉంటాయి. అప్పు ఇచ్చినట్టో తీర్చినట్టో చూపే స్క్రీన్‌షాట్ ఉంటే కాగితాల ఫోల్డర్‌లోకి మార్చండి.

మీరు షేర్డ్ ఆల్బమ్‌లో పెట్టిన ఫొటోని డిలీట్ చేస్తే ఆ ఆల్బమ్‌లోంచీ పోతుంది. పెళ్లి ఫొటోలు చుట్టాలందరికీ అలా పంచి ఉంటే, "కావాల్సినవి మీ అకౌంట్‌లో సేవ్ చేసుకోండి" అని గ్రూపులో చెప్పి నాలుగు రోజులు ఆగండి.

వాట్సాప్ బ్యాకప్ తగ్గించడం

స్టోరేజ్ పేజీలో వాట్సాప్ బ్యాకప్ కొన్ని జీబీలు చూపిస్తుంటే దాన్ని నేరుగా డిలీట్ చేయకండి. ఫోన్ పోయినా, పాడైనా చాట్‌లు తిరిగి తెచ్చేది అదే. తీసేయడం కంటే చిన్నది చేయడం మేలు.

వాట్సాప్‌లో సెట్టింగ్స్, స్టోరేజ్ అండ్ డేటా, మేనేజ్ స్టోరేజ్. అక్కడ "5 ఎంబీ కంటే పెద్దవి", "చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి" అని రెండు విభాగాలు ఉంటాయి. రెండోదాన్లో దాదాపు అన్నీ నిశ్చింతగా తీసేయదగ్గవే. మొదటిదాన్లో ఇంటివాళ్ల వీడియోలు ఉంటాయి, చూసి తీయండి. కింద చాట్‌ల వారీగా సైజులు ఉంటాయి. అపార్ట్‌మెంట్ గ్రూపు, టెన్త్ బ్యాచ్ గ్రూపు పైన ఉండటం మామూలే.

తర్వాత సెట్టింగ్స్, చాట్స్, చాట్ బ్యాకప్‌లోకి వెళ్లి "ఇంక్లూడ్ వీడియోస్" ఆఫ్ చేయండి. ఇలా చేస్తే వాట్సాప్ వీడియోలు ఇక ఫోన్‌లో మాత్రమే ఉంటాయని గుర్తుంచుకోండి. అందుకే ముందు ఫోన్‌ని కేబుల్‌తో కంప్యూటర్‌కి కలిపి వాటిని కాపీ చేయాలి. ఆండ్రాయిడ్ అనే ఫోల్డర్, అందులో మీడియా, అందులో కామ్ డాట్ వాట్సాప్, లోపల మళ్లీ వాట్సాప్, మీడియా. అక్కడ వాట్సాప్ వీడియో, వాట్సాప్ ఇమేజెస్, వాయిస్ నోట్స్ వేర్వేరు ఫోల్డర్లుగా ఉంటాయి. వాయిస్ నోట్స్ కూడా తీసుకోండి, సైజు తక్కువే. చివరికి "బ్యాకప్" బటన్ నొక్కితే పాతదాని స్థానంలో కొత్త, చిన్న బ్యాకప్ వస్తుంది. బ్యాకప్‌కి ఎన్‌క్రిప్షన్ పెట్టుకుని ఉంటే ఆ పాస్‌వర్డ్ ఇంకా గుర్తుందో లేదో ఇప్పుడే చూసుకోండి. అది మర్చిపోతే కొత్త ఫోన్‌లో ఆ బ్యాకప్ తెరుచుకోదు.

డ్రైవ్, జీమెయిల్

డ్రైవ్‌లో ఎడమవైపు "స్టోరేజ్" నొక్కితే మీ ఫైళ్లు పెద్దవి పైన, చిన్నవి కింద వస్తాయి. "షేర్డ్ విత్ మీ"లో ఉన్నవి మీ లెక్కలోకి రావు, వాటిని తీసినా లాభం లేదు. మీరు సొంతదారుగా ఉండి ఇతరులకు పంచిన ఫైల్ డిలీట్ చేస్తే వాళ్లకూ పోతుంది. ఆఫీసు, కాలేజీ ప్రాజెక్టు ఫైళ్ల దగ్గర ఒకమాట అడిగి తీయండి. అదే పేజీలో "బ్యాకప్స్" అని ఉంటుంది, ఈమధ్య మార్చేసిన పాత ఫోన్ల బ్యాకప్‌లు అక్కడ ఉండొచ్చు. ఆ ఫోన్ ఇక లేదనుకుంటే తీసేయండి.

జీమెయిల్‌లో సెర్చ్ పెట్టె కుడి చివర ఉన్న గీతల గుర్తు నొక్కితే ఫిల్టర్లు వస్తాయి. సైజ్ దగ్గర "గ్రేటర్ దేన్" ఉంచి, 10 అని రాసి, ఎంబీ ఎంచుకుని వెతకండి. పెద్ద అటాచ్‌మెంట్లు ఉన్న మెయిల్స్ వస్తాయి. జీమెయిల్‌లో అటాచ్‌మెంట్ ఒక్కదాన్నే తీసే వీలు లేదు, మెయిల్ మొత్తం తీయాల్సిందే. ఒక మెయిల్‌కి టిక్ పెట్టి డిలీట్ చేస్తే దాని కింద నడిచిన సంభాషణ అంతా పోతుంది. ఆఫర్ లెటర్, ఇంటి లోన్ మాటలు అలాంటి పొడవాటి సంభాషణల్లో ఉంటాయి కాబట్టి తెరిచి చూసి, అటాచ్‌మెంట్ దించుకుని, అవసరమైతే మెయిల్‌ని పీడీఎఫ్‌గా ప్రింట్ చేసుకుని తీయండి. షాపింగ్ ప్రచారాల మెయిల్స్ వేలల్లో ఉన్నా సైజు చిన్నది, వాటి గురించి అంత శ్రమ వద్దు.

కాలేజీ ఇచ్చిన మెయిల్ ఐడీ వాడేవాళ్లకు ఒక మాట. చదువు అయ్యాక ఆ అకౌంట్ ఎప్పుడైనా మూసేయొచ్చు. అందులో ఉన్నవి సొంత అకౌంట్‌కో హార్డ్‌డిస్క్‌కో ఇప్పుడే మార్చుకోండి.

క్వాలిటీ తగ్గించి చోటు తెచ్చుకోవచ్చా?

ఇంకా చోటు కావాలంటే ఫొటోస్ వెబ్‌సైట్ సెట్టింగ్స్‌లో "రికవర్ స్టోరేజ్" ఉంటుంది. ఒరిజినల్ క్వాలిటీలో ఉన్నవాటిని "స్టోరేజ్ సేవర్"లోకి మారుస్తుంది. 16 మెగాపిక్సెల్ దాటిన ఫొటోలను 16కి, 1080పీ దాటిన వీడియోలను 1080పీకి దించుతుంది. ఫోన్‌లో చూడటానికి, మామూలు సైజు ప్రింట్‌కి తేడా తెలియదు. కానీ ఒకసారి మారిస్తే వెనక్కి రాదు. ఫొటోగ్రఫీ చేసేవాళ్లు, పెళ్లి ఆల్బమ్ పెద్ద ప్రింట్లు ఇంకా వేయించనివాళ్లు ఒరిజినల్స్ హార్డ్‌డిస్క్‌లో ఉన్నాయని చూసుకున్నాకే నొక్కండి. మిగతావాళ్లకు నేను చెప్పేది, డిలీట్ చేయడం కంటే ఇదే మంచి దారి.

ఫొటోస్ ట్రాష్‌లో బ్యాకప్ అయినవి 60 రోజులు, కానివి 30 రోజులు ఉంటాయి. చోటు అత్యవసరం కాకపోతే అలాగే వదిలేయండి. ఆ రెండు నెలల్లో "ఫలానా ఫొటో ఏది" అని ఇంట్లో ఎవరైనా అడిగితే తిరిగి తెచ్చుకోవచ్చు. అత్యవసరమైతే ట్రాష్‌ని పూర్తిగా ఒకసారి చూసి ఖాళీ చేయండి. స్టోరేజ్ అంకె మారడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు, మారలేదని మళ్లీ ఇంకొన్ని డిలీట్ చేయకండి.

ఐఫోన్ వాడేవాళ్లకు

ఐక్లౌడ్‌లో ఉచితం 5 జీబీ మాత్రమే. ఐక్లౌడ్ ఫొటోస్ ఆన్‌లో ఉంటే ఫోన్‌లో తీసేసిన ఫొటో ఐక్లౌడ్‌లోనూ పోతుంది. "రీసెంట్లీ డిలీటెడ్"లో 30 రోజులు ఉంటుంది. "ఆప్టిమైజ్ ఐఫోన్ స్టోరేజ్" ఖాళీ చేసేది ఫోన్‌ని, ఐక్లౌడ్‌ని కాదు. కాపీ తీయడం, సరిచూడటం, పెద్దవి ముందు తీయడం ఇక్కడా ఇదే వరుస.

మళ్లీ నిండకుండా

గూగుల్ ఫొటోస్ బ్యాకప్ సెట్టింగ్స్‌లో ఏయే ఫోల్డర్లు ఎక్కాలో ఎంచుకోవచ్చు. కెమెరా ఉంచి, వాట్సాప్ ఇమేజెస్, వాట్సాప్ వీడియో, ఇన్‌స్టాగ్రామ్ లాంటివి ఆఫ్ చేయండి. ఇవి ఆన్‌లో ఉంటే వాట్సాప్ ఫొటో ఒకటి వాట్సాప్ బ్యాకప్‌లోనూ, ఫొటోస్‌లోనూ రెండుసార్లు చోటు తింటుంది. బ్యాకప్ క్వాలిటీ స్టోరేజ్ సేవర్‌లో పెట్టండి. పిల్లల ఆటపాటలకు 4కే అవసరం లేదనుకుంటే కెమెరా సెట్టింగ్స్‌లో వీడియోని 1080పీకి మార్చండి.

ఇంత చేసినా ఇంట్లో చిన్నపిల్లలు ఉంటే 15 జీబీ సరిపోకపోవచ్చు. అప్పుడు డబ్బు కట్టి ప్లాన్ తీసుకోవడంలో తప్పేమీ లేదు. గూగుల్ వన్ ప్లాన్‌ని ఇంట్లో మరో ఐదుగురితో పంచుకోవచ్చు, ఎవరి ఫొటోలు వాళ్లకే కనిపిస్తాయి. ప్లాన్ ఆపేసిన రోజు మాత్రం మళ్లీ 15 జీబీకే వస్తారు, అంతకంటే ఎక్కువ నింపి ఉంటే మెయిల్స్ మళ్లీ ఆగుతాయి. అందుకని ప్లాన్ ఉన్నా బయట కాపీ మానకండి. టేకౌట్‌లో ఎగుమతి అడిగేటప్పుడు "రెండు నెలలకోసారి, ఏడాది పాటు" అనే ఆప్షన్ ఉంటుంది. అది పెట్టుకుంటే కొత్త లింకు దానంతట అదే వస్తుంది, వచ్చిన వారంలోపు దించి హార్డ్‌డిస్క్‌లో వేసుకోవడమే మీ పని.